బాతు కూర చల్లారిన గురువారం

మా ఊరి చర్చికి తాళంచెవి ఒక్కటే. జానెడు పొడుగు, చేతిలో పట్టుకుంటే మణికట్టు లాగేంత బరువు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు అది ఆర్లెట్ శాస్తానియే వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. చర్చి చూడాలనుకున్నవాళ్ళు ఆవిడ తలుపు కొట్టాలి. కొడితే ఆవిడ చేతులు తుడుచుకుని, జుట్టు సర్దుకుని, తాళంచెవి పుచ్చుకుని ముందు నడుస్తుంది. అంతవరకూ బాగానే ఉంటుంది. లోపలికెళ్ళాక నోరు విప్పుతుంది.

నేను ఎదురింటివాణ్ణి. పేరు రెజిస్. మా లా వెర్నోల్‌కీ చుట్టుపక్కల పల్లెలకీ ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచాను. ఇప్పుడు నా ఉద్యోగం కిటికీ దగ్గర కూర్చుని ఆర్లెట్ చేతికి ఎవరు చిక్కారో చూడడం. దారి తప్పిన సైకిలువాళ్ళు, మంచినీళ్ళ కోసం ఆగినవాళ్ళు, ఎవరైతేనేం, ఐదు నిమిషాల్లో చూసి పోదామని లోపలికి వెళ్తారు. గంటన్నరకు బయటపడతారు. పడ్డాక కూడా వెంటనే పోరు. రాతి మెట్ల మీద కూర్చుని, ఎవరో దగ్గరివాళ్ళ పెళ్ళికి వెళ్ళొచ్చినట్టు మాట్లాడుకుంటారు. ఆవిడ కబుర్లకు అలిసిపోయారని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. నా బుర్ర అంతే.

ఆర్లెట్ ఆ ఇంట్లోనే పుట్టింది, బళ్ళో నాకంటే ఒక తరగతి పైన చదివింది, ఇళ్ళ కప్పులకు పలకరాళ్ళు పరిచే మారియస్‌ను పెళ్ళి చేసుకుని మళ్ళీ ఆ ఇంట్లోనే కాపురం పెట్టింది. బడి వంటగదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలకు వండి పెట్టింది. పిల్లలు తగ్గి బడి మూసేశారు. మారియస్ పోయాడు. ఆవిడ మాత్రం ఎక్కడికీ పోలేదు. సముద్రం చూడలేదు, పారిస్ చూడలేదు. ఎందుకు వెళ్ళవని అడిగితే, "నేను వెళ్తే తాళంచెవి ఎవరిస్తార్రా?" అనేది.

చర్చిలో గోడ బొమ్మల సంగతి చెప్పాలి. మా చిన్నప్పుడు అది ఉత్త తెల్ల గోడ. తర్వాతెప్పుడో ఒక ఏడాది వానలకు సున్నం పెచ్చు ఊడింది, దాని కింద ఎవరిదో పాదం కనిపించింది. చెప్పు లేని పాదం. పట్నం నుంచి బొమ్మలు బాగుచేసేవాళ్ళు నలుగురు వచ్చారు. మూడు వేసవులు ఇక్కడే ఉన్నారు. చిన్న చిన్న కత్తులతో సున్నం గీకి, తాజా రొట్టె మెత్తని గుజ్జును ముద్ద చేసి, దానితో గోడను అద్ది మసి తీసేవాళ్ళు. ఆ రొట్టె కాల్చిపెట్టింది ఆర్లెట్. వాళ్ళకు భోజనం పెట్టింది ఆర్లెట్. సాయంత్రం బడి పని ముగించుకుని వెళ్ళి నిచ్చెన కింద దీపం పట్టుకున్నదీ ఆర్లెట్. ఐదువందల ఏళ్ళుగా సున్నం కింద ఉన్న ముఖాలు ఒక్కొక్కటే ఆవిడ కళ్ళ ముందు బయటికొచ్చాయి. ఎవరి ముక్కు ముందు కనిపించింది, ఎవరి కన్ను ఆలస్యంగా తెరుచుకుంది, అంతా ఆవిడకు తెలుసు.

అది ఒక యాత్ర బొమ్మ. అరవై మందికి పైగా మగా ఆడా గోడ పొడుగునా నడుస్తూ ఉంటారు. ఏ పుణ్యక్షేత్రానికో ఎవరూ చెప్పలేకపోయారు. పండితులు వచ్చి చూసి, 'మామూలు చేతిపని' అని రాసిపోయారు. ఆ కాగితం వచ్చిన రోజు ఆర్లెట్ దాన్ని పొయ్యిలో పెట్టింది. ఆ మంట మీదే సూపు కాచానని నాతో చెప్పి నవ్వింది.

ఇక అసలు గొడవకొస్తాను. మా పల్లెలన్నిటికీ కలిపి బ్రెసాక్‌లో ఒక పర్యాటక కార్యాలయం ఉంది. అక్కడ సెవెరిన్ అనే అమ్మాయి పనిచేస్తుంది. చురుకైన పిల్ల. దూరాల నుంచి వచ్చే పెద్దవాళ్ళ సంఘాలకు ఒక్కరోజు ప్రయాణాలు ఏర్పాటు చేస్తుంది: పొద్దున కోట, తర్వాత ఒక పల్లె, మధ్యాహ్నం వంతెన పక్క హోటల్లో భోజనం, సాయంత్రం అక్రోటు నూనె మిల్లు. ఆ 'ఒక పల్లె' మేము కావాలా, అవతలి లోయలో పూలకుండీలు పెట్టుకున్న మరో ఊరు కావాలా అన్నది ప్రశ్న. సెవెరిన్‌కు మా గోడ ఇష్టమే. ఆర్లెట్టే కష్టం. అందుకని ఒక ఉపాయంతో వచ్చింది. చర్చికి దానంతటదే తెరుచుకునే తలుపు పెడతారు. గోడ దగ్గర మీట నొక్కితే నాలుగు భాషల్లో పన్నెండు నిమిషాలు చెబుతుంది. పాత తాళంచెవి బ్రెసాక్ కార్యాలయంలో అద్దాల పెట్టెలో ఉంటుంది.

మా ఊరి కౌన్సిల్లో ఏడుగురం. శనివారం పొద్దున కూర్చున్నాం. మొదటి రెండు గంటలూ మురుగు కాలవ గురించి కొట్టుకున్నాం. తాళంచెవి సంగతి వచ్చేసరికి పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ. మేయరు గడియారం చూశాడు. మేమందరం గడియారం చూశాం. మా ప్రాంతం మనిషిని పన్నెండుకు ఐదు నిమిషాల ముందు ఏదడిగినా సరే అంటాడు, భోజనానికి ఎవరూ అడ్డం రాకపోతే చాలు. ఏడు చేతులూ లేచాయి. అందులో ఒకటి నాది. ఇంట్లో ఆ రోజు కుందేలు కూర. సిగ్గు పడుతూనే రాస్తున్నాను.

ఆర్లెట్‌కు ఎవరు చెప్పారో గాని సోమవారం పొద్దున్నే సెవెరిన్ మేయరు గదిలో ఉండగా నేరుగా లోపలికొచ్చింది. సంతకం పెట్టడానికి నేనూ అక్కడే ఉన్నాను. తాళంచెవి ఆవిడ చేతిలోనే ఉంది.

"అమ్మాయ్, దీన్ని గాజుపెట్టెలో పెడతావట?"

సెవెరిన్ లేచి నిలబడింది. "మేడమ్, మీరంటే నాకు గౌరవం. కానీ పోయినేడు మీ దగ్గరికి మూడు బస్సులు పంపాను. మూడూ భోజనానికి ఆలస్యమయ్యాయి. హోటలాయన ఫోన్లో నన్ను తిట్టిన తిట్లు మా అమ్మక్కూడా చెప్పుకోలేను."

"ఏం, అతని బాతు లేచి పారిపోతుందా?"

"బాతు పారిపోదు, బస్సులు పారిపోతాయి. ఇంకో రెండు ఆలస్యాలైతే మా సంఘాలకు బల్లలు ఇవ్వనన్నాడు. అంతమందికి ఒకేసారి వండేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరున్నారు, చెప్పండి."

మేయరు బల్ల మీద కాగితాలు సర్దుతున్నాడు. సర్దడానికి అక్కడ రెండే కాగితాలున్నాయి.

"ఒక్క బస్సు ఇవ్వు," అంది ఆర్లెట్. "ఒక్కటే. ఎంతసేపు కావాలో నువ్వే చెప్పు. అంతసేపే మాట్లాడతా. ఒక్క నిమిషం దాటినా ఆ రోజే నా చేత్తో నేనే తాళంచెవి నీ చేతిలో పెడతా."

సెవెరిన్ ఆలోచించింది. "గురువారం బ్రెతాన్ ప్రాంతం నుంచి ఒక బస్సుంది. నలభై ఎనిమిది మంది. కూరగాయలు పండించి రిటైరైనవాళ్ళ సంఘం. పన్నెండుకు పది నిమిషాల ముందు మీరు ఆపాలి. ఆపితే తాళంచెవి మీ దగ్గరే, బస్సులూ మీవే. లేకపోతే..."

"లేకపోతే ఏంటో నేనే చెప్పా కదా," అంది ఆర్లెట్.

వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగి నా వైపు చూసింది. "రెజిస్, సాయంత్రం మా ఇంటికి రా. పనుంది."

వెళ్ళాను. వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. గుడ్లు ఉడికించేటప్పుడు పెట్టుకునే చిన్న అలారం బల్ల మీద పెట్టింది.

"నువ్వూ చెయ్యెత్తావట కదా?"

నేను అలారం వైపు చూశాను. "అది... టైమైపోతోందని..."

"తెలుసురా. కుందేలు. మీ ఇంటి వాసన మా ఇంటిదాకా వచ్చింది. శిక్షగా ఇప్పుడు కూర్చుని గోడంతా విను. పదకొండూ ఇరవైకి బస్సొస్తే, వాళ్ళు దిగి కూర్చునేసరికి నాకు మిగిలేది ఇరవై మూడు నిమిషాలు. దాటితే ఆపు."

మొదటిసారి గంటా పది నిమిషాలు పట్టింది. మంగళవారం యాభై నిమిషాలు. ఆవిడ పెళ్ళి కథ తీసేసింది, రొట్టె కథ తీసేసింది, వర్షం పడి నిచ్చెన జారిన కథ తీసేసింది. బుధవారం ఇక తీయాల్సినవి గోడ మీది మనుషులే. ఎవరిని వదలాలో తేల్చుకోలేక పొయ్యి చుట్టూ తిరిగింది. మారియస్ పోయినప్పుడు కూడా పదిమందిలో కన్నీళ్ళు పెట్టని మనిషి, ఆ రోజు కుండ మూత పట్టుకుని కళ్ళు తుడుచుకుంది.

"మనుషుల్ని బస్సులోంచి దింపేస్తున్నట్టుందిరా," అంది. "ఎవరిని దింపాలి? చెప్పు. ఎవరు చేసిన పాపం?"

నాకు అప్పుడు మొదటిసారి భయమేసింది. ఆవిడ ఓడిపోతుందేమోనని కాదు. మాట నిలబెట్టుకోవడానికి గోడను సగానికి తెంచి, గెలిచి కూడా ఓడిపోతుందేమోనని.

గురువారం ఎండ బాగా కాసింది. పదకొండూ ఇరవైకల్లా బస్సు చర్చి ముందు లిండెన్ చెట్ల కింద ఆగింది. ముందు సెవెరిన్ దిగింది, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. తర్వాత బ్రెతాన్ వాళ్ళు మెల్లగా దిగారు, ఒక్కొక్కరే మోకాళ్ళు పట్టుకుంటూ. పొద్దున్నే కోటలో నూట పది మెట్లు ఎక్కి దిగారట. వాళ్ళ సంఘం పెద్ద ఎర్వే కెర్మోర్వాన్ అనే పొడుగాటి మనిషి. దిగుతూనే గాలి వాసన చూసి, "భోజనం ఇక్కడేనా?" అన్నాడు. కాదని తెలిసి ముఖం వేలాడేశాడు. డ్రైవరు జోయెల్ అసలు దిగనేలేదు. మా వైపు డ్రైవర్లందరికీ వంతెన హోటల్లో విడిగా బల్ల ఉంటుంది. గుంపును తెచ్చినందుకు భోజనం ఉచితం, బాతు తొడల్లో పెద్దది వాళ్ళకే. అది వదులుకునే డ్రైవరు ఇంతవరకు పుట్టలేదు.

"మేడమ్, నేను బండి స్టార్ట్ చేసే ఉంచుతా," అన్నాడు కిటికీలోంచి.

"ఉంచు నాయనా, దోమలు పోతాయి," అంది ఆర్లెట్.

ఆవిడ నీలం గౌను వేసుకుంది. అలారం జేబులో వేసుకుంది. తాళం రెండుసార్లు తిప్పి తలుపు తోసింది. లోపలి చల్లదనం ముఖానికి తగలగానే అందరూ హమ్మయ్య అని బల్లల మీద కూలబడ్డారు. నేను వెనక స్తంభం పక్కన నిలబడ్డాను. సెవెరిన్ నా పక్కనే నిలబడి చేతి గడియారం చూసుకుంది.

ఆర్లెట్ గోడ ముందు నిలబడింది. అలారం తిప్పింది.

"మీరు అలిసిపోయారు," అంది. "వీళ్ళూ అలిసిపోయారు. మీరు పొద్దున ఆరింటికి బయల్దేరారు, వీళ్ళు ఐదువందల ఏళ్ళ కిందట బయల్దేరారు. మీది బస్సు, వీళ్ళవి కాళ్ళు. మిగతాదంతా ఒకటే. ఇడుగో, ముందు కర్ర పట్టుకుని నడుస్తున్నాడే, ఇతను మీ సంఘం పెద్ద. దారి తనకు తెలుసనుకుంటున్నాడు. వెనక ఈ ఇద్దరూ అతనికి తెలియదని చెప్పుకుంటున్నారు. ఇద్దరిలో ఈమె పక్కామె చెవిలో నోరు పెట్టి ఎలా గుసగుసలాడుతోందో చూడండి."

మొదటి నవ్వు వచ్చింది. కెర్మోర్వాన్ కూడా నవ్వాడు, ఆలస్యంగా.

"ఈ చెట్టు వెనక ఇతను ఏం చేస్తున్నాడో చెప్పక్కర్లేదు. ప్రతి ప్రయాణంలో ఒకడుంటాడు, బండి కదిలాక గుర్తొస్తుంది. ఈ అమ్మ చెప్పులో రాయి. ఒంటికాలి మీద నిలబడింది, పక్కవాడి భుజం పట్టుకుంది. ఆ పక్కవాడు ఈమె మొగుడు కాదు. మొగుడు అడుగో, నాలుగడుగుల వెనక, చూస్తున్నాడు."

"అది ఇవొన్నే!" అని వెనక బల్ల మీంచి ఎవరో అరిచారు. ఇవొన్ అనే ముసలామె ఎర్రబడి, చేతిసంచితో అరిచినామె వీపు మీద ఒక్కటిచ్చింది. బల్లలన్నీ ఘొల్లుమన్నాయి.

ఆర్లెట్ ఆగలేదు. అంగీ కింద పంది తొడ దాచుకుని, ఉపవాసం ఉన్నట్టు ముఖం పెట్టినవాణ్ణి చూపించింది. ఊరు దాటకముందే వెనక్కి తిరిగి చూస్తున్న లావాటాయన్ని చూపించింది. "తలుపు వేశానా లేదా అని ఇతని బెంగ. మా రెజిస్ కూడా ఇంతే. బ్రెసాక్ వెళ్ళాలన్నా మూడుసార్లు వెనక్కొస్తాడు," అంది. నలభై ఎనిమిది తలలు నా వైపు తిరిగాయి. అది ఇరవై మూడు నిమిషాల్లో లేని ముక్క. అప్పటికప్పుడు కలిపింది.

నేను ఆ గోడను వందసార్లు చూశాను. ఆ రోజే చూశాననిపించింది. బల్లల మీద కూర్చున్నవాళ్ళకూ గోడ మీద నడుస్తున్నవాళ్ళకూ తేడా లేదు. మోకాళ్ళ నొప్పులు అవే, అలకలు అవే. ఇన్నేళ్ళూ ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదని జాలిపడ్డాను. అన్ని ప్రయాణాలూ ఆవిడ దగ్గరికే వస్తున్నాయి.

అలారం మోగింది.

ఆర్లెట్ మాట మధ్యలో ఆగిపోయింది. బుట్ట నెత్తిన పెట్టుకున్న ముగ్గురు అక్కచెల్లెళ్ళ గురించి చెబుతోంది. గోడ సరిగ్గా సగమైంది. ఆవిడ చెయ్యి గోడ మీది మూడో చెల్లెలి దగ్గరే ఉంది. మెల్లగా దించింది.

"అంతే," అంది. "మీ బాతు మీకోసం చూస్తోంది. వచ్చినందుకు సంతోషం."

ఎవరూ లేవలేదు.

"మూడో ఆమె ఎందుకు ఏడుస్తోంది?" అని ముందు బల్ల మీద ఒకాయన అడిగాడు.

"చెప్పను. టైమైపోయింది."

"అదేంటమ్మా! మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారా?"

"మాటిచ్చాను," అంది ఆర్లెట్. పెదాలు బిగించింది. ఆవిడ నోరు మూసుకుని ఉండగా చూడడం నాకు అదే మొదటిసారి, చెప్పొద్దూ, గుండె తరుక్కుపోయింది.

సెవెరిన్ ముందుకొచ్చింది. "లేవండి, లేవండి, భోజనానికి పన్నెండుంబావుకల్లా ఉండాలి. సూపు, బాతు తొడ, బంగాళాదుంపలు, అక్రోటు కేకు..." బస్సు ఎక్కించడానికి ఇంతకంటే మంచి మంత్రం లేదు. మూడు జిల్లాల్లో పనిచేసే మంత్రం. కెర్మోర్వాన్ లేచాడు. హమ్మయ్య అని సెవెరిన్ ఊపిరి తీసుకుంది. అతను తలుపు వైపు వెళ్ళలేదు. గోడ దగ్గరికెళ్ళి, కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, మూడో చెల్లెలి ముఖంలోకి చూశాడు. అతని వెనక ఇంకో ఇద్దరు. ఆ తర్వాత అందరూ. గోడ మీద వెతుక్కోవడం మొదలుపెట్టారు. "ఇదిగో మా మరిది!" "ఇది మీ అత్తగారు, ఆ గడ్డం చూడు!" "నోర్ముయ్, అది నువ్వే!" మాయదారి గోల. చర్చిలో అంత గోల నేను పెళ్ళిళ్ళప్పుడు కూడా వినలేదు. ఆర్లెట్ ఒక్కతే ఏమీ అనకుండా, తాళంచెవి రెండు చేతులతో పట్టుకుని పక్కన నిలబడింది.

తలుపు దగ్గర డ్రైవరు జోయెల్ ప్రత్యక్షమయ్యాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమయ్యా, వస్తారా రారా? నా బాతు..."

"ఇటు రండి, ఇటు రండి!" అని ఇవొన్ అతని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. "మిమ్మల్ని చూడండి!"

గోడ చివర్న గాడిదలవాడు ఒకడున్నాడు. అందరూ నడుస్తుంటే అతను మాత్రం గాడిద మెడ మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. జోయెల్ చూశాడు. దగ్గరికెళ్ళి చూశాడు.

"ముక్కు నాది కాదు," అన్నాడు.

"నీదే," అన్నారు పదిమంది.

"పొద్దున కోట దగ్గర స్టీరింగు మీద ఎలా పడుకున్నావో అలాగే ఉంది," అన్నాడు కెర్మోర్వాన్. జోయెల్ తనూ నవ్వాడు. నవ్వి, టోపీ తీసి, ముందు బల్ల మీద కూర్చున్నాడు. కూర్చుని చేతులు కట్టుకున్నాడు. బయట బస్సు ఇంజను ఉత్తినే మోగుతోంది.

అప్పుడు మా నెత్తి మీద గంట కొట్టింది. పన్నెండు. మా ఊరి గంట సామాన్యమైంది కాదు, లోపల నిలబడితే పళ్ళు కదులుతాయి. ఆ చప్పుడు వింటే మా ప్రాంతంలో పొలంలో మనిషి నాగలి వదిలేస్తాడు, కొట్లో మనిషి తలుపు మూసేస్తాడు, కొట్లాడుకునేవాళ్ళు రెండింటికి కలుద్దామని విడిపోతారు. నేను ఒక్కొక్క దెబ్బా లెక్కపెట్టాను. పన్నెండయ్యాయి. ఎవరూ కదల్లేదు. మొదటిసారి లెక్క తప్పినవాళ్ళ కోసం మా గంట రెండు నిమిషాలాగి మళ్ళీ అంతా కొడుతుంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ పన్నెండు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు తలుపు వైపు చూడలేదు. డెబ్భై రెండేళ్ళ నా జీవితంలో యాభై మంది మనుషులు భోజనం మరిచిపోవడం నేను చూడలేదు. యుద్ధకాలంలో కూడా జరగలేదని మా నాన్న తరం వాళ్ళు ఒట్టేసి చెప్పేవాళ్ళు.

సెవెరిన్ ఫోను మోగింది. హోటలాయన. ఆమె తలుపు బయటికెళ్ళింది. "వస్తున్నారు... లేదండీ... బాతుని మూతపెట్టి ఉంచండి... తెలుసు, తెలుసు, ఎండిపోతుందని తెలుసు..." లోపలికొచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"మేడమ్," అంది సెవెరిన్ ఆర్లెట్‌తో, కెర్మోర్వాన్‌కు నోరు తెరిచే అవకాశం ఇవ్వకుండానే. "వీళ్ళకు మీరైనా చెప్పండి."

"నేను ఆపేశానమ్మాయ్," అంది ఆర్లెట్. "గడియారం చూసుకో. నీ టైముకే ఆపేశా. వీళ్ళు వెళ్ళకపోతే అది నా తప్పు కాదు. అయినా సరే, తాళంచెవి కావాలంటే తీసుకో. వాదించను."

కెర్మోర్వాన్ గొంతు సవరించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు సహకార సంఘం సమావేశాలు నడిపిన గొంతు. "ఓటు వేద్దాం. ఇప్పుడే భోజనానికి పోదామన్నవాళ్ళు చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. జోయెల్ చెయ్యి కొంచెం కదిలింది. చెవి గోక్కుని దించేశాడు.

"మిగతా గోడ వినాలన్నవాళ్ళు?"

నలభై ఎనిమిది చేతులు. జోయెల్‌తో నలభై తొమ్మిది. నాది కూడా లేచింది, నాకు ఆ ఓటు లేకపోయినా.

సెవెరిన్ ఆ చేతుల వంక చూసింది. అట్ట మీది కాగితం వంక చూసింది. తర్వాత ఆ అట్టను బల్ల మీద బోర్లా పెట్టి, ఇవొన్ పక్కన చోటు చేసుకుని కూర్చుంది.

"చెప్పండి మేడమ్," అంది. "ఆ మూడో ఆమె ఎందుకు ఏడుస్తోంది?"

ఆర్లెట్ చెప్పింది. దారికని కాల్చిన రొట్టెలు ఇంట్లోనే మరిచానని మూడో ఆమెకు ఇప్పుడే గుర్తొచ్చిందట, అక్కలకు ఇంకా తెలీదట. ఇంకా ఎంతని చెప్పింది! తీసేసినవాళ్ళందరినీ మళ్ళీ బండెక్కించింది. రొట్టె ముద్దతో ముఖాలు తుడిచిన కథ చెప్పింది, నిచ్చెన జారిన కథ చెప్పింది, ఆవిడ పెళ్ళి రోజు మారియస్ ఈ గోడకే ఆనుకుని కొత్త కోటుకి సున్నం పూసుకున్న కథ కూడా చెప్పింది. ఒక్కరూ గొంతు సవరించలేదు. గోడ చిట్టచివర ఒక ఆడమనిషి ఉంటుంది. మిగతావాళ్ళ వెనక, విడిగా, చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది. ఆమె ఎవరో చెప్పమని ఒకామె మెల్లగా అడిగింది.

ఆర్లెట్ గోడ చివరిదాకా నడిచి వెళ్ళింది.

"పండితులు ఈమె కూడా యాత్రికురాలే అన్నారు," అంది. "కాదు. కాళ్ళు చూడండి, అడుగు వేయడం లేదు. సంచి లేదు, కర్ర లేదు. ఈమె వెళ్ళడం లేదు. అందరినీ సాగనంపడానికి బయటికొచ్చింది. మూడో వేసవిలో ఈమె ముఖం బయటపడ్డప్పుడు దీపం నా చేతిలో ఉంది. ఏడుస్తోందేమో అనుకున్నా. తుడిచి చూస్తే నవ్వుతోంది."

ముందు ఇవొన్ చప్పట్లు కొట్టింది, అందరూ అందుకున్నారు. కొంతమంది కళ్ళు ఒత్తుకుంటూ కొట్టారు. కెర్మోర్వాన్ వచ్చి మా వైపు పద్ధతిలో ఆర్లెట్ రెండు బుగ్గలకూ ముద్దులు పెట్టాడు. తర్వాత వరుసగా అందరూ. నలభై ఎనిమిది మంది, మనిషికి రెండు చొప్పున. అదే పది నిమిషాలు పట్టింది.

బస్సు ఎక్కేసరికి ఒంటిగంట దాటి పావుగంట అయింది. ఆర్లెట్ తలుపు మూసి, తాళం వేసి, సెవెరిన్ దగ్గరికొచ్చింది. తాళంచెవి ఇవ్వడానికి చెయ్యి చాచింది.

"నేను ఆపిన మాట నిజమే గాని తర్వాత గంటసేపు మాట్లాడిన మాట కూడా నిజమే. బేరం బేరమే. తీసుకో అమ్మాయ్."

బస్సు కిటికీల నిండా ముఖాలే. అందరూ మా వైపే చూస్తున్నారు. సెవెరిన్ తాళంచెవిని ముట్టుకోలేదు. ఫోను తీసి హోటలుకు కలిపింది, మాకు వినిపించేలాగే మాట్లాడింది.

"నేనే. ఇప్పుడు బయల్దేరుతున్నారు... అవును, తిట్టండి, వింటున్నా... అయిపోయిందా? ఇప్పుడు నేను చెప్పేది వినండి. వచ్చే గురువారం నలభై ఒక్కమంది ఉన్నారు. వాళ్ళ భోజనం ఒంటిగంటన్నరకు రాసుకోండి. ఒంటిగంటన్నరకే. లా వెర్నోల్ ఉన్న ప్రతి గురువారమూ అంతే. కుదరకపోతే వేరేచోట చూసుకుంటా... ఏం పెట్టారా వాళ్ళకక్కడ? ఏమీ పెట్టలేదండీ. మీరే ఒకరోజు వచ్చి చూడండి."

ఫోను జేబులో వేసుకుంది. మా జిల్లాలో మధ్యాహ్న భోజనం గంట వెనక్కి జరగడం ఎంత పెద్ద సంగతో, అది విన్న నాకు తెలుసు. ఆమె వెళ్ళి బస్సు మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ వెనక్కి తిరిగింది.

"మేడమ్, ఆ మీట నొక్కే పెట్టె నాకొద్దు. మేయరుగారికి నేనే చెబుతా. తాళంచెవి మీ మేకుకే ఉండాలి."

జోయెల్ హారన్ మోగించాడు. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీల్లోంచి చేతులు ఊపుతూనే ఉన్నారు. ఆర్లెట్ లిండెన్ చెట్ల కింద నిలబడి చెయ్యి ఊపింది. బస్సు కనుమరుగయ్యాక రాతి మెట్టు మీద కూలబడింది. తాళంచెవి ఒళ్ళో పెట్టుకుంది.

నేను పక్కన కూర్చున్నాను.

"గెలిచాన్రా రెజిస్," అంది. "నేను ఎక్కడికీ వెళ్ళకుండానే గెలిచాను."

"గెలిచావు," అన్నాను. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆవిడ ముక్కు చీదుకుని, కళ్ళు తుడుచుకుని, లేచి గౌను దులుపుకుంది.

"శనివారం కౌన్సిలు పెట్టించి ఈ చెయ్యి మళ్ళీ ఎత్తు, ఈసారి సరైన దానికి," అని నా భుజం మీద ఒక్కటి కొట్టి, వచ్చే గురువారానికి బల్లలు ఎలా సర్దాలో చెప్పడం మొదలుపెట్టింది. సాయంత్రం నాలుగింటిదాకా చెప్పింది. విన్నాను.